మడ బాగుకి గ్రాంటు: ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

కాట్రేనికోన అవతల మీ ఊరి పక్క పాయ ఇసకతో పూడిపోయిందనీ, లోపలి మడ, అంటే ఉప్పునీటి పోటు ఎక్కే అడవి, ఎండిపోతోందనీ, పీత గానీ రొయ్య పిల్ల గానీ మునుపటిలా దొరకడం లేదనీ రాశారు. మీ మత్స్యకార సంఘం పేరు మీద ప్రభుత్వ గ్రాంటు వస్తుందా, అర్జీ ఎవరికి పెట్టుకోవాలి అని అడిగారు. తాళ్లరేవు వైపు మా ఊరి ఈడీసీలో, అదేనండీ, అభయారణ్యం అంచు ఊళ్లలో అటవీ శాఖ పెట్టించే కమిటీలో, కొన్నేళ్లు లెక్కలు రాశాను. అక్కడ చూసిందీ, తిరిగి తెలుసుకున్నదీ చెబుతాను.

డబ్బైతే ఉంది. మీ సంఘం ఖాతాలో నేరుగా పడే డబ్బు మాత్రం చాలా అరుదు. దాదాపు అంతా ఏదో ఒక శాఖ చేతుల మీదుగానే వస్తుంది. అందుకని "ఏ స్కీము ఉందండీ" అంటూ ఆఫీసుల చుట్టూ తిరగడం దండగ. ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి. అది తేలితే ఏ శాఖ తలుపు తట్టాలో తేలిపోతుంది.

ఇది చెప్పినంత తేలిక కాదు. మా ఊరి పర్ర, అంటే పాయ పక్కన ఉప్పు బయలు, చూడ్డానికి అంతా ఒక్కటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా చవుడు. పటం ముందు పెట్టుకుని కూర్చుంటే మూడు ముక్కలైంది. ఇళ్ల వైపు ఉన్నది రెవెన్యూ పోరంబోకు. నడుమది రిజర్వు ఫారెస్టు. ఆ పైది పాయ గర్భం. అటవీ శాఖ సర్వేయరు జీపీఎస్ పట్టుకొచ్చాడు, మేం పాత గ్రామ పటం పట్టుకెళ్లాం. రెండూ ఒక పట్టాన కలవలేదు. చివరికి తిల్ల పొదల మధ్య బురదలో సగం కూరుకుపోయిన హద్దు రాయి ఒకటి బయటపడింది. ఊళ్లో ఓ ముసలాయన చిన్నప్పుడు గేదెలు తోలుకెళ్లి దాని మీదే కూర్చునేవాణ్ణని చెప్పబట్టి దొరికింది. ఆ రాయి దొరికాకే ఫైలు కదిలింది. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ముప్పు. సర్వేకి వెళ్లేవాళ్లు ఆ జాగ్రత్తలో ఉండండి.

మీది రిజర్వు ఫారెస్టులో గానీ కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో గానీ పడితే మీ దారి రేంజ్ ఆఫీసుకే. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందులో అనుమతి లేకుండా గునపం దింపినా కేసే, మంచి పనికే దింపాం అంటే వినరు. అటవీ శాఖకి మడ కోసం వచ్చే డబ్బుకి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి మిష్టి అనే కేంద్ర పథకం. 2023-24 బడ్జెట్‌లో ప్రకటించి, ఆ ఏడాది జూన్ 5న మొదలుపెట్టారు. దేశం మొత్తం మీద 5 ఏళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచడం దాని లక్ష్యం. రెండోది కంపా నిధి. గనులకీ రోడ్లకీ ప్రాజెక్టులకీ అటవీ భూమి తీసుకున్నవాళ్లు కట్టే పరిహారం అది. 2016 చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రానికి వస్తుంది. ఇవి కాక హరిత వాతావరణ నిధి డబ్బుతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ (యూఎన్‌డీపీ) తోడ్పాటుతో ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర తీరాల్లో నడిచే ప్రాజెక్టు ఒకటుంది. అదీ శాఖ ద్వారానే. వీటిలో దేనికీ మీరు సొంతంగా దరఖాస్తు నింపేది లేదు. మీ ఊరి కమిటీ తీర్మానం, రేంజ్ ఆఫీసరు ఎస్టిమేటు రెండూ కలిసి శాఖ వార్షిక ప్రణాళికలోకి ఎక్కాలి. ఈడీసీయో, అభయారణ్యం బయటైతే వనసంరక్షణ సమితో లేకపోతే ముందు అది పెట్టించుకోండి. మత్స్యకార సంఘం సభ్యులే అందులోనూ ఉండొచ్చు.

రెవెన్యూ పోరంబోకు అయితే తహశీల్దారు మీదుగా కలెక్టరు దాకా పోవాలి. పాత రొయ్యల చెరువులు వదిలేసిన జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, అయితే ప్రభుత్వ సొమ్ము మీద ఆశ పెట్టుకోకండి. పట్టాదారు ఇవాళ సరేనని సంతకం పెట్టి, రొయ్య రేటు పెరిగిన ఏడాది మళ్లీ గట్టు వేస్తాడు.

ఇక పీఎంఎంఎస్‌వై, అదే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన గురించి. మీ సంఘంలో ఎవరో 60 శాతం సబ్సిడీ అన్నారని రాశారు. అది నిజమే, మహిళలకీ ఎస్సీ, ఎస్టీలకీ 60, మిగతావాళ్లకి 40. కానీ ఆ సబ్సిడీ పీత పెంపకానికీ, పండుగప్ప చేపని పెంచే వల పంజరాలకీ, ఐసు పెట్టెలకీ. పాయలో నీరు పారించడానికి కాదు. మత్స్యశాఖ నదిలో చేప పిల్లల్ని వదిలే కార్యక్రమం కూడా ఆ పథకం కిందే నడుస్తుంది. వదిలిన పిల్ల దాక్కోడానికి వేరు లేనప్పుడు దాని వల్ల ఎంత లాభమో నాకైతే అనుమానమే. వేట నిషేధం భృతి వేరే ఖాతా, దాన్ని దీనితో కలపకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఎస్టిమేటు రాసేటప్పుడు మొక్కలకి డబ్బు అడగకండి, నీళ్లకి అడగండి.

మీ మడ ఎందుకు ఎండుతోందో ఓసారి పోటు వేళ, సముద్రపు నీరు ఎక్కేటప్పుడు, వెళ్లి చూడండి. ఒకప్పుడు అటవీ శాఖే కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా విడగొట్టి, వరసగా నరికించింది. నరికిన చోట ఎండ తగిలి నేల కుంగి పళ్లెంలా అవుతుంది. పెద్ద పోటుకి నీరు అందులోకి ఎక్కుతుంది గానీ పాటుకి, నీరు తీసేటప్పుడు, వెనక్కి దిగదు. నిలిచిన నీరు ఎండకి ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. వేసవిలో నడిస్తే కాలి కింద తెల్లటి పొర పటపటమంటుంది. ఆ నేలలో ఏ మొక్క నాటినా మొదటి ఎండాకాలానికే మాడిపోతుంది. మళ్లీ నాటతారు, మళ్లీ మాడుతుంది, రిజిస్టర్లో మాత్రం రెండుసార్లూ నాటినట్టే ఉంటుంది.

దీనికి మందు కాలువలు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్లు అటవీ శాఖతో కలిసి మన కోరింగ ఊళ్లలో చేసి చూపించిన పద్ధతే. పాయ నుంచి ఏటవాలుగా, పాయకి 45 డిగ్రీల కోణంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా 30 డిగ్రీల్లో పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పాయకి తిన్నగా ఎదురుగా తవ్వితే పోటు వేగానికి గట్టు కోసుకుపోతుంది, ఏటవాలుగా తవ్వితే నీరు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. దిగేటప్పుడు ఉప్పుని కడుక్కుపోతుంది. మా దగ్గర వేసవిలో తాడు కట్టి, సున్నం పోసి, మనుషుల చేతే తవ్వించాం. ఒక వరద పారనిచ్చి, గోదారి ఎర్రనీరు తగ్గాక కాలువ వాలు మీద, అడుగునా కాకుండా గట్టు మీదా కాకుండా నడుమన, మడ గింజలు గుచ్చాం. అడుగున గుచ్చితే బురదలో కూరుకుపోతుంది, గట్టు మీద అయితే తడి అందదు. ఈ ముక్క ఎస్టిమేటులో రాసి ఉండాలి. లేకపోతే కూలీలు సులువుగా ఉంటుందని గట్టు మీద వరసగా గుచ్చేస్తారు, ఫోటోకి కూడా అదే బాగుంటుంది.

తెల్లమడ ఉప్పుకి ఓర్చుకుంటుంది కాబట్టి అది మొదట. పొన్న తర్వాత, నీరు బాగా ఆడే పాయ అంచున. నర్సరీలో సంచుల్లో పెంచిన మొక్కలకి ఖర్చెక్కువ. కాలువ సరిగా ఉంటే చుట్టుపక్కల చెట్ల గింజలు పోటు మీద కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తాయి. వాటికి పైసా ఖర్చు లేదు, అందుకే ఏ రిజిస్టర్లోనూ కనబడవు.

రెండో ఏడూ మూడో ఏడూ పూడిక తీతకి డబ్బు మొదటి ఎస్టిమేటులోనే పెట్టించండి. ఒకటికి రెండుసార్లు అడగండి. కాలువలు పూడుతూనే ఉంటాయి, గోదారి ఒండ్రు ఊరుకోదు. తవ్వకానికి నిధులిచ్చి పూడికకి ఇవ్వకపోతే మూడేళ్లకి మళ్లీ అదే ఉప్పు పర్ర. చాలా పనులు చెడింది ఇక్కడే.

పాయ మొగ, అంటే సముద్రంలో కలిసే చోటు, దగ్గర ఇసక తవ్వించడం వేరే సంగతి. మడ ఉన్న చోటు తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో (సీఆర్‌జెడ్) అన్నిటికంటే కఠినమైన విభాగం కిందికి వస్తుంది, యంత్రం దింపాలంటే అనుమతులు కావాలి. పైగా సముద్రం ఆ ఇసకని మళ్లీ తెచ్చి పోస్తుంది. ఈ చిన్న పనిని దానికి ముడిపెట్టారంటే రెండూ ఆగిపోతాయి.

అర్జీలో చేప గురించి రాయండి, జంతువుల గురించి కూడా రాయండి. కాలువలు పారాక పిల్ల కాలువల్లోకి రొయ్య పిల్లా చిన్న చేపా ఎక్కడం మా ఊరి ఆడవాళ్లే ముందు చూశారు, మండపీతల కోసం వెళ్లేది వాళ్లే కదా. పీతలు తగ్గాయని రాస్తే ఆఫీసులో "మత్స్యశాఖకి వెళ్లండి" అంటారు. బావురుపిల్లి అడుగులు కనిపించాయనీ, నీటికుక్కల గుంపు తిరుగుతోందనీ ఫోటోతో రాస్తే అదే ఆఫీసు కుర్చీ వేస్తుంది. బావురుపిల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది మరి. నిజంగా ఉంటేనే రాయండి. ఆ పిల్లి తినేదీ మన చేపే కాబట్టి రెండిటి బాగూ ఒకటే.

ఊళ్లో ఒప్పందం కాగితం కంటే ముందు కావాలి. గేదెలు మేపేవాళ్లు, వంటచెరకు తెచ్చుకునేవాళ్లు, పాయకి అడ్డంగా కర్రలు పాతి వల కట్టేవాళ్లు, ముగ్గురికీ కాలువల వల్ల ఎంతో కొంత ఇబ్బంది ఉంటుంది. కొత్త మొక్కని గేదె ఒక్క పూటలో మేసేస్తుంది. మా కమిటీ కాపలాకి మేపేవాళ్ల ఇళ్లలోంచే మనుషుల్ని పెట్టింది. దానికి కూలీ కూడా ఎస్టిమేటులోనే.

లెక్కల గురించి నాలుగు మాటలు, ఇది నా పని కాబట్టి. కమిటీ ఖాతా అధ్యక్షుడూ అటవీ అధికారీ కలిసి నడిపేది. డ్రా చేసే ప్రతిసారీ తీర్మానం ఉండాలి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు ఉండాలి. మస్తరులో, అదే కూలీల హాజరు పట్టీలో, వేలిముద్ర పక్కన పేరు రాయించి, ఏ కాలువ దగ్గర పనో కూడా రాయించండి. ఆడిట్‌లో అడిగేది అదే. కేంద్రం గ్రాంటు సంస్థ పేరు మీద వస్తే డబ్బు ఎలా ఖర్చు పెట్టారో చెప్పే వినియోగ పత్రం జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఆ డబ్బు మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ మీది కాదు, వెనక్కి కట్టాలి. ఆ డబ్బుతో కొన్న నావని అనుమతి లేకుండా అమ్మకూడదు. ఒక ఏడాది మాకు రెండో విడత చాలా ఆలస్యంగా వచ్చింది, పని మాత్రం వరద ముందే అయిపోవాలి. కూలీలకి ఊళ్లో అప్పు తెచ్చి ఇచ్చాం. ఆ అప్పు వడ్డీ ఏ పద్దులోనూ పట్టదు. మీరు అంత దూరం రాకుండా పనిని విడతకి సరిపడా ముక్కలు చేసుకోండి.

సొంతంగా డబ్బు కావాలనుకుంటే కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, ఒక దారి. 2013 కంపెనీల చట్టం కిందికి వచ్చే పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, పర్యావరణం ఆ జాబితాలో ఉంది. మన తీరంలో చమురూ గ్యాసూ తీసేవాళ్లు తక్కువ లేరు. కానీ సంస్థకి సీఎస్ఆర్-1 నమోదూ, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ కాగితాలూ కావాలి, మత్స్యకార సహకార సంఘానికి మామూలుగా ఇవి ఉండవు. ఇవన్నీ ఉన్న సంస్థ ఎవరైనా ముందుకొస్తే ఒప్పందంలో పూడిక తీత ఏళ్లు ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి. ఫోటోలు తీసుకుని పోయే బాపతూ ఉంటారు.

మీరు రేపు చెయ్యాల్సింది: సర్వే నంబర్లు రాసుకుని తహశీల్దారు ఆఫీసులో అది పోరంబోకో అడవో రాతపూర్వకంగా తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మగవాళ్లంతా ఊళ్లో ఉంటారు కాబట్టి గ్రామసభ తీర్మానం అప్పుడు పెట్టుకోండి, పర్రలో ఉప్పు కూడా అప్పుడే బాగా కనిపిస్తుంది, ఫోటోలు అప్పుడే తీయండి. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం శాఖ ఎస్టిమేట్లు వేసుకునేటప్పటికి మీ కాగితాలు రేంజ్ ఆఫీసు బల్ల మీద ఉండాలి. పోటులో ఒకటి, పాటులో ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నీరు ఎటు నుంచి ఎక్కుతోందో చూసి పెద్ద కాలువ ఎక్కడ మొదలెట్టాలో నాకు తోచింది చెబుతాను.