బెంచీ ఎక్కబోయే పాపకు

పాపా,

నువ్వు జూనియర్ సివిల్ జడ్జిగా సెలెక్టయ్యావని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఉగ్గాని తింటున్నాను. ప్లేటు అక్కడే వదిలేసి వీధిలోకి పోయి, కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసిన పిల్లవు నువ్వు. అలాంటి నీ చేతికి మనుషులను లోపల వేసే కలం ఇస్తున్నారు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. టైముకు బెంచీ ఎక్కు. టిఫిన్ మానకు. ప్లీడర్ల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పోకు. క్రిమినల్ కేసులో తీర్పు మీద సంతకం పడ్డాక రాతతప్పు, లెక్కతప్పు తప్ప ఇంకేమీ నువ్వు దిద్దలేవు, కాబట్టి సంతకానికి ముందే రెండుసార్లు చదువు.

రిమాండ్‌కు పోలీసులు రాత్రిపూట ఇంటికే వస్తారు. "మనిషి జీపులో ఉన్నాడు మేడమ్" అంటారు. నువ్వే జీపు దగ్గరికి పోయి చూడు. 1985లో భీంసింగ్ అనే జమ్మూకాశ్మీర్ ఎమ్మెల్యేను కళ్ళతో చూడకుండానే రిమాండ్ రాశారు. ఆయన భార్య సుప్రీంకోర్టుకు పోతే, ఆయనకు 50,000 రూపాయలు ఇవ్వమని కోర్టు ప్రభుత్వానికి చెప్పింది. మన పల్లెల్లో ఎవరి భార్య పోతుంది ఢిల్లీకి? హైకోర్టో రాజధానో సీమకు అని 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. ఆ మాట వింటూనే ముసలివాణ్ణయ్యాను. మనవాళ్ళకు కోర్టంటే నీలాంటి వాళ్ళు కూర్చునే ఆ చిన్న గదే.

ఇంకొకటి. నీకు ఉండేది ఒకటే కుర్చీ. సివిల్ దావా వింటున్నప్పుడు, న్యాయం కోసం అవసరమైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 151 సెక్షన్ గుర్తించిన సహజాధికారం, అంటే చట్టంలో విడిగా రాయకపోయినా కోర్టుకు ఉండే అధికారం, నీకు కొంత ఉంటుంది. అదే కుర్చీలో మేజిస్ట్రేటుగా కూర్చున్నావా, అది లేదు. క్రిమినల్ వైపు ఆ అధికారం హైకోర్టుది. నీకు చట్టంలో రాసిందే ఉంది: మూడేళ్ళ జైలు, ఇప్పుడు 50,000 దాకా జరిమానా. కుర్చీ మారదు కదా, అందుకే చాలామంది ఈ తేడా మరిచిపోతారు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నేను బెంచి క్లర్కుగా ఉన్న ఒక కోర్టు. ఊరి పేరు వద్దులే. శనక్కాయల కాలం. బండి దారి కోసం దావా వేసిన ఒక ముసలాయన కొన్నేళ్ళుగా తిరుగుతున్నాడు. ఆ రోజు కూడా వాయిదా పడింది. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "సామీ, నేను సచ్చినాక పిలుస్తారా?" అన్నాడు. ప్లీడర్లు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. నా వీపు వెనక నుంచి జడ్జి అయ్యగారి గొంతు లేచింది: "వీణ్ణి సాయంత్రం దాకా లోపల కూర్చోబెట్టండి!"

అట్లా చేయడానికి దారి లేకపోలేదు. కోర్టును అవమానిస్తే అదే రోజు, కోర్టు లేచే లోపల విచారించవచ్చు. కానీ ఏం జరిగిందో రాయాలి, ఆ మనిషి ఏమన్నాడో రాయాలి, ఎందుకు శిక్షించకూడదో చెప్పుకోనివ్వాలి. అంతా అయ్యాక వేయగలిగింది అప్పట్లో 200 రూపాయల జరిమానా, కట్టకపోతే నెల లోపు జైలు. క్షమాపణ చెబితే వదిలేయవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ సెక్షన్ 345. పుస్తకం నా బల్ల మీదే ఉంది. తెరిచి అందిస్తే సరిపోయేది. నేను తరువాతి కేసు పిలిచాను.

సాయంత్రం అయ్యగారు లేచి వెళ్ళిపోయారు, ఆయనకు గుర్తే లేదు. కట్టలు సర్ది, తాళాలు వేయబోతుంటే పక్కగదిలో దగ్గు వినిపించింది. ముసలాయన గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. నన్ను చూసి లేచి, "శిక్ష ఎంత పడె సామీ?" అని అడిగాడు.

ఏం చెప్పాలి? కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే డాకెట్‌లో ఆ రోజుకు నేను రాసింది ఒక్కటే, వాయిదా తేదీ. ఆయనను లోపల పెట్టినట్టు ఎక్కడా లేదు. అప్పీలు చేసుకుందామన్నా కాగితం లేదు. వాళ్ళ ఊరి బస్సు వెళ్ళిపోయింది. నా దగ్గరున్న డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

తరువాతి వాయిదాకు ఆయన రాలేదు. ఆయన వకీలు తనకేమీ చెప్పలేదన్నాడు. దావా డిస్మిస్. ఆ మాట డాకెట్‌లో ఎక్కించింది నా చేయే.

ఇప్పుడు ఆ 345 సెక్షన్ కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 384, జరిమానా వెయ్యి రూపాయల దాకా. అంతకంటే పెద్ద ధిక్కారం అనిపిస్తే హైకోర్టుకు రాయాలి తప్ప నువ్వే తేల్చుకోకూడదు. కోపం తగ్గకపోతే పది నిమిషాలు చాంబర్‌లోకి పో. ఎవరూ ఏమీ అనుకోరు, కాఫీకి పోయిందనుకుంటారు.

నీ బెంచి క్లర్కు నీకు అడ్డు చెప్పడు. నేను చెప్పలేదు కాబట్టే అంటున్నాను. మొదటి రోజే పిలిచి, "నేను తప్పు చేస్తుంటే పుస్తకం తెరిచి నా ముందు పెట్టండి" అని చెప్పు. నమ్మడు. మళ్ళీ చెప్పు.

తిట్టినట్టుందా? లేదు తల్లీ. మా ఇంటి నుంచి ఒకరు ఆ మెట్లెక్కుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

ముప్పై ఏళ్ళు జడ్జీలకు వీపు పెట్టి కూర్చున్నాను, గొంతులే తప్ప ముఖాలు చూడలేదు. పోస్టింగ్ వచ్చాక ఒకరోజు వస్తాను. చాంబర్‌లోకి పిలవద్దు. వెనక బెంచీలో కూర్చుంటాను. మధ్యాహ్నానికి చిత్రాన్నం కట్టించుకుని తెస్తాను.

మీ మామ,
కర్నూలు