అబ్బాయి వేషంలో అమ్మాయి: కబడ్డీ వద్దు, వాలీబాల్ పెట్టండి

కవల అన్న పేరుతో అబ్బాయిల కబడ్డీ జట్టులో చేరిన టెన్త్ అమ్మాయి, ఆమె మనసు పడ్డ కెప్టెన్. స్కూల్ వార్షికోత్సవానికి ఈ నాటిక వేస్తుంటే రిహార్సల్ చూసినోళ్లు నమ్మబుద్ధి కాలేదన్నరు, ఏం మార్చాలె అని ఒకరు అడిగిన్రు.

తప్పు పిల్లలది కాదు, ఆటది. కబడ్డీలో ఏడుగురు మీద పడి పట్టేస్తరు. మొదటి కూతకే వేషం బయటపడాలె. వాలీబాల్‌ల నడుమ నెట్ ఉంటది, పట్టుకునుడు ఉండది. పెద్దల ఆటలో మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. ఆ తేడా అడ్డం రావద్దంటే అమ్మాయిని లిబెరోగా, అంటే బంతి కింద పడకుండ కాపాడే ప్రత్యేక ఆటగాడిగా పెట్టండి. లిబెరో వెనక వరుసలనే ఆడాలె, నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకునే బ్లాక్ చెయ్యొద్దు. పొట్టిగా, చురుగ్గా ఉన్న పిల్లకు సరిగ్గ సరిపోతది. పైగా జెర్సీ రంగు వేరు కాబట్టి అందరి కళ్లూ ఆమె మీదనే ఉంటయి, అయినా ఎవరూ పోల్చుకోరు. హాస్యమంతా అక్కడ పుడుతది. అన్న తిరిగొచ్చి ఒక్క సర్వీస్ కూడా ఎత్తలేకపోతే ఇంకా మంచిది.

వేషానికి క్రేప్ బ్యాండేజీ చుట్టొద్దు, ఊపిరి ఆడదు. సరైన సైజు స్పోర్ట్స్ బ్రా, పైన ఒక సైజు పెద్ద జెర్సీ చాలు. జుట్టు రెండు జడలల్లి తలకు చదునుగా పిన్నులు పెట్టి, హెయిర్ నెట్ వేసి, దానిమీద విగ్గు. ముక్కుపుడక రంధ్రానికి ఒంటిరంగు మైక్రోపోర్ టేపు ముక్క అతికించి పైన పౌడర్ అద్దండి. మీసానికి కాటుక వాడితే చెమటకు పెదవి మీదికి కారుతది. గోధుమరంగు ఐబ్రో పెన్సిల్‌తో నూగు గీతలు చాలు, ఆ వయసుకు అంతకంటే ఎక్కువ అబద్ధమే. గొంతు బలవంతంగా బొంగురు చేస్తే రెండో అంకానికే పోతది. వాక్యం చివర స్వరం దించి, తక్కువ మాట్లాడమనండి.

అసలు సీను సద్దుల బతుకమ్మ రోజు పెట్టండి. హనుమకొండల పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడి, అదే సాయంత్రం జేఎన్ స్టేడియంలో మ్యాచ్‌కు ఉరకాలె. షార్ట్స్, జెర్సీ మీదనే లంగాఓణీ కట్టి, నడుముకు హుక్కులకు బదులు వెల్క్రో కుట్టించండి, లాగితే ఊడివస్తది. గౌరమ్మ పసుపు చెవి వెనక, తెల్ల కాలర్ మీద మిగులుతది. ఆమె కంగారుగ సబ్బు రుద్దుతది. సబ్బులోని క్షారానికి పసుపు మరక ఎర్రబడుతది. కెప్టెన్ నెత్తురనుకుని దగ్గరికొచ్చి కాలర్ పట్టి చూస్తడు. ప్రేమ, గుట్టు రెండూ అక్కడనే బయటపడనియ్యండి.

స్టేజీ మీద నిజంగ రుద్దితే వెనక వరుసలకు కనబడదు. రెండో జెర్సీ కాలర్‌ను ముందే ఎర్రగ చేసి ఆరబెట్టి పెట్టుకోండి.