పులికాట్‌కి వచ్చేవి రాజహంసలేనా?

సందేహం: చలికాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు రాగానే పత్రికలు 'రాజహంసల సందడి' అని రాస్తాయి. ఈ పేరు సరైనదేనా? – ఒక పాఠకుడు

సమాధానం: అలా రాసేవాళ్ళకు ఆధారం లేకపోలేదు. 'రాజహంసాస్తు తే చంచూచరణైర్లోహితైః సితాః' అంది అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం. ఒళ్ళు తెల్లగా, ముక్కూ కాళ్ళూ ఎర్రగా ఉంటే రాజహంస. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద ఆగి చూడండి. ఫ్లెమింగో కాళ్ళు ఎరుపే. ముక్కు మాత్రం గులాబీ రంగు, కొస నలుపు. ఆ నల్లకొసను అమరసింహుడు చూసి ఉంటే చెప్పకుండా వదిలేవాడా? ముక్కూ కాళ్ళూ మాసిన రంగులో ఉంటే మల్లికాక్షమనీ, నల్లగా ఉంటే ధార్తరాష్ట్రమనీ ఆ వెంటనే విడదీసి చెప్పినవాడాయన!

అసలు చిక్కు తిండి దగ్గరుంది. కవుల హంస తామరతూళ్ళు తింటుంది, వానలు పడగానే మానస సరోవరానికి పోతుంది. పులికాట్‌లో ఉప్పు కలిసిన నీళ్ళు, అక్కడ తామర బతకదు. ఫ్లెమింగో కాళ్ళతో బురద తొక్కి, ముక్కును తలకిందులుగా ముంచి, నాచునీ సన్నపాటి రొయ్యల్నీ వడగట్టుకు తింటుంది. రెక్కల్లో ఆ గులాబీ రంగు కూడా ఆ తిండి పెట్టిందే. నలుడి చేతికి చిక్కి 'తల్లి మదేకపుత్రక' అని శ్రీనాథుడి పద్యంలో ఏడ్చిన హంసదేమో తామరకొలను, పైగా బంగారు ఒళ్ళు. ఆ పద్యం చదివినవాళ్ళెవరూ దాన్ని తెచ్చి ఈ బురదలో నిలబెట్టరు.

ఈ రోజుల్లో పొడుగు మెడ కనబడితే చాలు, హంస అనేస్తున్నారు. చదివేవాడికి తేటనీటి కొలను గుర్తొస్తుంది. ఈ పక్షికి కావలసింది లోతులేని ఉప్పునీటి బురద. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడితే సరస్సు తొందరగా ఎండి దాని తిండి పోతుంది. రాజహంసల గురించి అంత సంబరంగా రాసేవాళ్ళు ఆ పూడిక గురించీ నాలుగు ముక్కలు రాస్తే బాగుండు.

సరస్సుకు దక్షిణాన తమిళులు ఫ్లెమింగోని పూనారై అంటారు. నారై అంటే కొంగ. మన నారాయణపక్షిలో ఉన్నదీ ఆ నారై ఏమోనని నా ఊహ, పట్టుబట్టను.

వార్తల్లో ఫ్లెమింగో అనే రాయండి. కవితలో రాజహంస అంటే నేను తగాదాకి రాను. పెలికాన్ సంగతి అలా కాదు. కాలవలోంచి చేలోకి నీళ్ళు తోడే గూడలాంటి సంచి ముక్కు కింద ఉంది కనక మనవాళ్ళు దాన్ని గూడబాతు అన్నారు. పులికాట్‌కి దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల మీద గూళ్ళు పెట్టేది అదే. అంత మంచి పేరుండగా పెలికాన్ అని రాయడం నాకు మింగుడుపడదు.