1.6 రాకర్లు వేసేముందు చూడాల్సినవి

ప్రశ్న: నా పాత షెవర్లే పికప్‌లో 350 (క్యూబిక్ అంగుళాల) స్మాల్ బ్లాక్ ఇంజిన్ ఉంది. దానికి 1996 తర్వాతి వోర్టెక్ సిలిండర్ హెడ్లు వేయించాను. హైడ్రాలిక్ కామ్ (వాల్వ్‌లను కదిలించే లోబ్‌లు, అంటే ఉబ్బులు ఉన్న షాఫ్ట్), వాల్వ్ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) 0.450 అంగుళం. కామ్ జోలికి పోకుండా 1.5 రాకర్లు (కామ్ కదలికను 1.5 రెట్లు చేసి వాల్వ్‌కు అందించే మీటలు) తీసి 1.6వి వేస్తే లాభం ఉంటుందా? (ఒక పాఠకుడు, హ్యూస్టన్)

జవాబు: ఉంటుంది కానీ మీ హెడ్లతో ఉన్నపళంగా వేయకండి. కామ్‌తో వచ్చిన కార్డులోని 0.450ని 1.5తో భాగిస్తే లోబ్ లిఫ్ట్ (లోబ్ నెట్టే ఎత్తు) 0.300. దాన్ని 1.6తో గుణిస్తే 0.480. మార్చని వోర్టెక్ హెడ్లలో 0.460, 0.470 దగ్గరికొచ్చేసరికే రిటైనర్ (వాల్వ్ స్ప్రింగ్‌ను పైనుంచి పట్టి ఉంచే మూత) కిందికి దిగి వాల్వ్ సీల్‌ను తాకుతుంది. సీల్ నలిగిపోతే పొగ మొదలవుతుంది. గైడ్ బాస్ (వాల్వ్ కాడ జారే గొట్టం పైభాగం) ఎత్తు తగ్గించి, పొట్టి సీల్స్ వేయించండి. పూర్తి లిఫ్ట్‌లో రిటైనర్‌కూ సీల్‌కూ మధ్య కనీసం 0.050 అంగుళం, స్ప్రింగ్ చుట్లు పూర్తిగా ఆనుకోకుండా మరో 0.060 ఉండాలి. అంత ఖాళీ రాకపోతే స్ప్రింగులూ మార్చక తప్పదు.

వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య దూరం కూడా కొలవాలి. మెత్తటి చెకింగ్ స్ప్రింగులు పెట్టి, హైడ్రాలిక్ లిఫ్టర్ (లోబ్ మీద ఆని కదిలే భాగం) బదులు సాలిడ్ లిఫ్టర్ వేసి చూడండి. హైడ్రాలిక్‌ది అణిగిపోయి తప్పు కొలత ఇస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్‌ను టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) దాటిన 10 డిగ్రీల దగ్గర, ఎగ్జాస్ట్‌ను దానికి 10 డిగ్రీల ముందు చూడాలి. అక్కడే పిస్టన్ బాగా దగ్గరగా ఉంటుంది. ఇన్‌టేక్‌కు 0.080, ఎగ్జాస్ట్‌కు 0.100 అంగుళం ఉంటే నిశ్చింత.

చాలామంది మరిచిపోయేది పుష్‌రాడ్, అంటే లిఫ్టర్ కదలికను రాకర్‌కు అందించే కడ్డీ. నిష్పత్తి పెరిగితే రాకర్‌లో పుష్‌రాడ్ కప్పు స్టడ్‌కు (రాకర్‌ను పట్టి ఉంచే బోల్టుకు) దగ్గరవుతుంది కాబట్టి రాడ్ హెడ్‌లోని రంధ్రం అంచుకు రాసుకోవచ్చు. ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించి, ఎక్కడా రాయడం లేదని చూసుకోండి. వోర్టెక్ హెడ్లకు సెల్ఫ్ అలైనింగ్ (వాల్వ్ కొన మీద తమంతట తామే సరిగ్గా నిలిచే) రాకర్లే కొనండి. వాటితో గైడ్ ప్లేట్లు (పుష్‌రాడ్ పక్కకు పోకుండా ఆపే పలకలు) వాడకూడదు, రెండూ కలిస్తే ఒకదానితో ఒకటి పోరాడతాయి. మీ హెడ్లకు స్టడ్లు ప్రెస్ చేసినవి. గట్టి స్ప్రింగులు పెడితే అవి పైకి జరిగే ప్రమాదం ఉంది, మరతో బిగించే స్టడ్లే మేలు.

ఇంత ఖర్చయ్యాక వచ్చే ఫలితం? వాల్వ్ తెరుచుకునే, మూసుకునే సమయాలు దాదాపు మారవు కాబట్టి ఐడిల్ అంతే ఉంటుంది. మధ్య, పై ఆర్‌పీఎంలలో కొంత ఊపు వస్తుంది. ఎలాగూ హెడ్లు విప్పుతున్నప్పుడే ఈ పని పెట్టుకోండి. లేదంటే ఆ డబ్బు మంచి కామ్‌కు పెట్టడమే తెలివి.

ప్రశ్న: కొత్త ఫ్లాట్ ట్యాపెట్ (లిఫ్టర్ అడుగు నేరుగా లోబ్ మీద రాసుకునే రకం) కామ్‌ను 1.6 రాకర్లతోనే బ్రేక్ ఇన్ (మొదటిసారి నడిపి భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా) చేయవచ్చా?

జవాబు: వద్దు. వాల్వ్ దగ్గర స్ప్రింగ్ బలం 250 పౌండ్లు అనుకుంటే 1.5తో లోబ్ మీద 375, 1.6తో 400 పడుతుంది. లిఫ్ట్ పెరగడం వల్ల స్ప్రింగ్ ఇంకాస్త నొక్కుకుని ఆ భారం మరింత పెరుగుతుంది. ముందు 1.5 రాకర్లతో, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య అటూ ఇటూ మారుస్తూ 20 నిమిషాలు నడపండి. స్ప్రింగులు డబుల్ అయితే ఆ కాసేపు లోపలివి తీసేయండి. 1.6వి ఆ తర్వాతే.