మందు లేని డార్మ్ కావాలా? ఆ ఫారం మీ అబ్బాయినే నింపనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బీఎస్ సీటు వచ్చింది, ఆగస్టులో ప్రయాణం. మా ఇంట్లో మందు ముట్టేవాళ్లు లేరు, వాడికీ ఇష్టం లేదు. అక్కడి హాస్టళ్లలో తాగుడు మామూలే అంటున్నారు. మందు లేకుండా, పద్ధతిగా ఉండే హాస్టల్ దొరుకుతుందా? అలాంటి చోట ఉంటే నలుగురితో కలవక, రేపు ఉద్యోగానికి పనికొచ్చే పరిచయాలు పోతాయేమోనని వాళ్ల నాన్నగారి భయం.

జవాబు: అమ్మా, దొరుకుతుంది. ఇలా అడిగితే వింతగా చూస్తారేమోనని బెంగపెట్టుకోకండి. అక్కడి పిల్లలూ తల్లిదండ్రులూ ఎప్పటి నుంచో అడుగుతున్నదే ఇది. మిషిగన్ యూనివర్సిటీ 1989లోనే ఇలాంటి గదులు ఇవ్వడం మొదలుపెట్టింది. వెర్మాంట్ యూనివర్సిటీ 2015లో వెల్‌నెస్ ఎన్విరాన్‌మెంట్ అనే పేరుతో కొద్దిమందితో మొదలుపెట్టిన హాస్టల్‌లో కొన్నేళ్లకే చేరినవాళ్లు వెయ్యి దాటారు. పార్టీలకు పేరుపడ్డ ఫ్రటర్నిటీల్లో (అబ్బాయిలు కలిసి ఉండే విద్యార్థి సంఘాల్లో) కూడా, ఫై డెల్టా థీటా 2000 నుంచి తమ హౌస్‌లలో మందును నిషేధించింది.

అక్కడ తాగడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. అంటే ఫస్టియర్ పిల్లలుండే డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్) ఏదైనా కాగితం మీద మందు లేనిదే. మరి మందు వద్దనుకునేవాళ్లకు విడిగా ఒక ఫ్లోర్ ఎందుకు? నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒక అమ్మాయి మామూలు డార్మ్‌లో చేరింది. తను తాగదు. కానీ ఆదివారం పొద్దున కామన్ బాత్రూమ్‌లోకి వెళితే వాష్‌బేసిన్ నిండా రాత్రి ఎవరో చేసుకున్న వాంతి. బ్రష్ పట్టుకుని పై ఫ్లోర్‌కి వెళ్లి పళ్లు తోముకునేది. శుక్ర, శనివారాల్లో రాత్రి 2 దాకా నిద్ర ఉండేది కాదు, సోమవారం క్విజ్ ఉన్నా సరే. తాగనివాళ్లు పడే ఈ బాధను హార్వర్డ్ పరిశోధకులు కూడా అధ్యయనం చేశారు. 2001లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, మందు, మత్తు పదార్థాలు వద్దనే సబ్‌స్టెన్స్ ఫ్రీ డార్మ్‌లలో అతిగా తాగేవాళ్లు తక్కువని, పక్కవాళ్ల తాగుడు వల్ల ఇబ్బంది పడేవాళ్లూ తక్కువేనని తేలింది. తక్కువ అన్నారు గానీ అసలు లేరనలేదు, అది గుర్తుంచుకోండి.

ఇక పేర్లు చూసి మోసపోకండి. సబ్‌స్టెన్స్ ఫ్రీ అంటే ఒకచోట ఆ ఫ్లోర్‌లోకి మందు, సిగరెట్, గంజాయి తేకూడదని మాత్రమే. ఇంకోచోట బయట తాగి ఆ మత్తులో గదికి రావడం కూడా తప్పే. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. వెల్‌నెస్ హౌసింగ్ అంటే కొన్నిచోట్ల యోగా క్లాసులు, ఆరోగ్య పాఠాలే తప్ప మందు గురించి గట్టి నియమం ఉండదు. రికవరీ హౌసింగ్ పూర్తిగా వేరు. రట్జర్స్ యూనివర్సిటీ 1988లో మొదలుపెట్టిన తరహాది, వ్యసనం నుంచి బయటపడుతున్న పిల్లలకోసం. ఆ సీట్లు వాళ్లకే ఉండనివ్వండి.

మతసంస్థలు నడిపేవీ ఉన్నాయి. ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా క్యాంపస్ పక్కనే క్యాథలిక్‌ల న్యూమన్ హాల్ ఉంది. ఇక బ్రిగమ్ యంగ్ లాంటి మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ) యూనివర్సిటీలోనైతే మందే కాదు, కాఫీ, టీ కూడా కుదరదు. క్యాంపస్ బయట గది తీసుకున్నా అదే నియమం. విలువలు అనే మాట నచ్చి చేరేముందు, ఎవరి విలువలో, రోజువారీ బతుకులో ఏమేం పాటించాలో అక్షరం అక్షరం చదవండి.

హౌసింగ్ ఆఫీసుకు మీ అబ్బాయి చేత మెయిల్ పెట్టించండి. సంతకం చేయాల్సిన ఒప్పందం ఉందా, దాన్ని మీరితే ఏం చేస్తారు, కోరుకోకపోయినా ఖాళీలు నింపడానికి అక్కడ వేసినవాళ్లు ఉంటారా అని అడగాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అసలైంది. సగం మంది ఇష్టం లేకుండా చేరిన ఫ్లోర్‌లో నియమం గోడ మీదే ఉంటుంది. క్లెరీ చట్టం ప్రకారం ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబర్ 1లోపు క్యాంపస్ నేరాల మూడేళ్ల లెక్కలు బయటపెట్టాలి. మందు కేసులు డార్మ్‌లలో ఎన్నో విడిగా కనిపిస్తాయి. అంకె పెద్దదైతే వెంటనే భయపడకండి, అక్కడ గట్టిగా పట్టుకుంటున్నారని కూడా అర్థం కావచ్చు.

వాళ్ల నాన్నగారి భయం గురించి. ఇన్నేళ్లలో పార్టీలో పరిచయమై ఇంటర్న్‌షిప్ తెచ్చుకున్నవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ల్యాబ్‌లో, హ్యాకథాన్‌లో, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో దొరికిన పరిచయాలే పనికొచ్చాయి. నిజంగా ఆలోచించాల్సింది ఇంకొకటుంది. చాలాచోట్ల ఇంజినీరింగ్ పిల్లలు ఒకేచోట ఉండి చదువుకునే లివింగ్ లెర్నింగ్ కమ్యూనిటీ ఉంటుంది, అదీ, మందు లేని ఫ్లోరూ రెండూ ఒకేసారి దొరకకపోవచ్చు. అప్పుడు నేనైతే నిద్రపట్టే గదికే ఓటేస్తాను. ప్రాజెక్టు స్నేహితులు క్లాసులో ఎలాగూ దొరుకుతారు. ఎఫ్1 వీసా (చదువు వీసా) మీద ఉన్న పిల్లలకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. తాగి బండి నడిపి అరెస్టయితే, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే అధికారం అక్కడి స్టేట్ డిపార్ట్‌మెంట్‌కు (విదేశాంగ శాఖకు) ఉంది.

చివరిగా, ఆ హౌసింగ్ ఫారం మీరు నింపకండి. తండ్రి టిక్ పెట్టి పంపిస్తే, సెమిస్టర్ మధ్యలో గది మార్పించుకున్న పిల్లల్ని చూశాను. పైగా 18 నిండితే, విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం వాడి రికార్డుల మీద హక్కు వాడిదే. 21 లోపు మందు కేసులో దొరికితే తల్లిదండ్రులకు చెప్పే వీలు యూనివర్సిటీకి ఉంది గానీ, తప్పనిసరి కాదు. మీకు ఏదైనా తెలియాలంటే వాడు చెప్పాలి.

అందుకే ఈ వారంలోనే ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఎలాంటి గది కావాలి నాన్నా?" అని అడగండి. వాడు చెప్పేది పూర్తిగా వినండి. ఈ ఫ్లోర్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి, గడువు తేదీ మాత్రం మీరు క్యాలెండర్‌లో రాసుకోండి.