పాలకూర పసుపు రంగుకు కారణం సీసం కాదు, పరీక్ష మాత్రం తప్పదు

ప్రశ్న: ప్రతాపసింగారం దగ్గర ఎకరంలో పాలకూర వేశాను. మూసీ నీళ్లే పారిస్తాను. లేత ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. నీటిలోని సీసం, కాడ్మియం వల్లేనని షాపులో 'లోహాలను విరిచే పొడి' అంటూ ఈడీటీఏ ప్యాకెట్లు ఇచ్చారు. నేలలో వేయాలా? గేదెలకు పారా గడ్డి మేపవచ్చా?

జవాబు: ఆ పొడి నేలలో వేయకండి, ప్యాకెట్లు విప్పకపోతే తిరిగి ఇచ్చేయండి. ఈడీటీఏ సీసాన్ని విరిచేది కాదు. మట్టిని అంటుకుని కదలకుండా ఉన్న సీసాన్ని నీళ్లలో కరిగేలా చేసి వేరుకు అందిస్తుంది. మొక్కల ద్వారా నేలలోని సీసాన్ని బయటికి లాగాలని ప్రయోగాలు చేసేవాళ్లు వాడేది కూడా ఇదే. మనుషులు తినే ఆకుకూర మడిలో దీన్ని వేయమన్నారంటే నాకు నిజంగా కోపం వస్తోంది. ఇకనుంచి మందు కొనేముందు తెగులు ఉన్న ఆకు తీసుకెళ్లి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి.

మీరు చెప్పిన లక్షణాలు ఇనుప ధాతు లోపానివి. తడి ఆరకుండా నీళ్లు పెడితే, నేలలో క్షారం, సున్నం ఎక్కువైతే ఇలాగే వస్తుంది. 20 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారానికి మళ్లీ ఒకసారి. కలిపిన నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, అది పనిచేయదు. మురుగు నీటిలో నత్రజని ఎలాగూ ఉంటుంది కాబట్టి యూరియా తగ్గించండి.

ఇక లోహాల సంగతి. ఆకు నిగనిగలాడుతున్నా అందులో కాడ్మియం పరిమితి దాటి ఉండొచ్చు, కంటికి తెలియదు. ఆకుకూరల్లో కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల) పరిమితి కిలోకు కాడ్మియం 0.2, సీసం 0.3 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదును కొలవాలంటే ఆకును ఎండబెట్టి, నత్రికామ్లంలో కరిగించి, ఐసీపీ-ఎంఎస్ లాంటి యంత్రంలో పెట్టాలి. మీ దగ్గరున్న సాయిల్ హెల్త్ కార్డు 12 అంశాలే చూపిస్తుంది, వాటిలో సీసం, కాడ్మియం లేవు. ల్యాబులో ఆ రెండూ విడిగా అడగండి.

నమూనా సరిగా తీయకపోతే ఎంత మంచి యంత్రమైనా తప్పే చెబుతుంది. ఒక రైతు జింకు పూత బకెట్లో మట్టి కలిపి తెచ్చాడు, జింకు అంకె ఎగిరిపోయింది, మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది. నీళ్లు మడిలోకి దిగే చోట బురద ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి మడి మొదలు, చివర వేరువేరుగా తీయండి. ఒక్కోదాంట్లో 8-10 చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పార తగిలిన మట్టిని కర్రతో గీకేసి, లోపలిది ప్లాస్టిక్ టబ్బులో కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో కొత్త కవర్లో ఇవ్వండి. దానితోపాటు కోతకు వచ్చిన ఆకు, మీరు పారించే నీళ్లు కూడా ఇవ్వండి.

ఆకులో లోహం ఎక్కువని తేలితే పాలకూర, తోటకూర మానేసి బంతి, చామంతి వేయండి. బెండ, సొర లాంటి కాయల్లోకి ఆకుల్లో కన్నా తక్కువే వెళ్తుంది, అయినా కాయను పరీక్షించాకే అమ్మండి.

గేదెలకు పారా గడ్డి ఒక్కటే మేపకండి, బోరు నీటితో పెంచిన మేత కలపండి. గడ్డిని బురదతో మొదలంటా కోయకుండా జానెడు ఎత్తు వదిలి కోయండి, లోహం ఆ బురదతో కూడా కడుపులోకి పోతుంది. తాగడానికి మూసీ నీళ్లు వద్దు. పాలు కూడా ఒకసారి సీసం పరీక్షకు ఇవ్వండి, ఇంట్లో పిల్లలు తాగేవి కదా.