మళ్ళీ పరుగు మొదలుపెట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. కీమోథెరపీ చివరి విడత కూడా ముగిసిందనీ, కృత్రిమ కాలు చేతికి వచ్చిందనీ, ఇక పరుగు ఎప్పుడు మొదలుపెట్టవచ్చో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. 30 ఏళ్ల కిందట ఇదే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ వల్ల తొడ వరకు నా ఎడమ కాలు తీసివేసినప్పుడు నేను 800 మీటర్ల పరుగుకు సాధన చేస్తుండేవాడిని, కాబట్టి నీ తొందర నాకు అర్థమవుతుంది. తప్పకుండా పరుగెత్తుతావు. అయితే అంతకు ముందు చేయవలసిన పని చాలా ఉంది. దాన్ని కూడా సాధనలోనే లెక్కవేసుకో.

మొదట రాత్రి పూట జాగ్రత్త. కాలు లేదన్న సంగతి మనసుకు తెలిసినంత త్వరగా ఒంటికి తెలియదు. శస్త్రచికిత్స జరిగిన మూడో వారంలో దాహం వేసి, నిద్రమత్తులో రెండు కాళ్లూ ఉన్నట్టే మంచం దిగి పడిపోయాను. స్టంప్, అంటే కాలు తీసేయగా మిగిలిన భాగం, నేలకు కొట్టుకుని కుట్లు విడిపోవడంతో, మానుతున్న గాయం మళ్ళీ మొదటికొచ్చింది. ఊతకర్రలను రోజూ మంచానికి ఒకే పక్కన, తడిమితే చేతికి తగిలేలా పెట్టుకో.

నీ పరుగుకు ఆధారం స్టంపే కనుక దాని గురించి వివరంగా రాస్తున్నాను. హాయిగా ఉందని దాని కింద దిండు పెట్టుకున్నా, గంటల తరబడి కుర్చీలోనే కూర్చున్నా తుంటి ముందరి కండరాలు కురచబడి కీలు వంగిపోతుంది; ఆ తర్వాత ఎంత మంచి కాలు తొడిగినా నిటారుగా నిలబడడం కష్టమవుతుంది. అందుకని రోజుకు రెండు మూడు సార్లు 15, 20 నిమిషాల చొప్పున బోర్లా పడుకో. మొదటి ఏడాదంతా స్టంప్ ఆకారం మారుతూనే ఉంటుంది కాబట్టి, పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ (కృత్రిమ కాలిలో స్టంప్ దూరే భాగం) సాయంత్రానికి వదులై, లోపల మేజోడు పొర ఇంకొకటి తొడగవలసి వస్తుంది. రాత్రి లైనర్ (స్టంప్‌కు వేసుకునే మెత్తని తొడుగు) విప్పాక చేతి అద్దం పట్టుకుని, కుట్ల మచ్చ పొడవునా, గజ్జ దగ్గర సాకెట్ అంచు ఒరుసుకునే చోటా చర్మాన్ని చూసుకో. ఎర్రదనం 20 నిమిషాలైనా తగ్గకపోతే మర్నాడు కాలు తొడగకుండా, కృత్రిమ కాలు అమర్చే ప్రాస్థెటిస్టుకు చూపించు. ఒక రోజు పోతుందని ఓర్చుకుంటే, పుండు పడి నెల పోతుంది.

లేని పాదం మండినట్టూ, వేళ్లు మెలితిప్పినట్టూ నొప్పి పుడితే భ్రమ అనుకుని దాచుకోకు. అది నిజమైన నొప్పే. దానికి మందులున్నాయి, ఉన్న కాలిని అద్దంలో చూస్తూ కదిలించే సాధన కూడా కొందరికి ఉపశమనమిస్తుంది.

నీకిచ్చిన కీమో మందుల్లో డాక్సోరుబిసిన్ ఉంటే, అది ఏళ్ల తర్వాత కూడా గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. ఎకో పరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే సాధన పెంచు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కనిపిస్తుంది. ఆయాసం వస్తే సాధన చాలలేదని సరిపెట్టుకోవడం పరుగు నేర్చినవాళ్ల అలవాటు. నువ్వు ఆ అలవాటు మానుకుని, ఛాతీ స్కాన్ తేదీని పోటీ తేదీలా పాటించు.

నీకు అందరూ టెర్రీ ఫాక్స్ గురించి చెబుతుంటారు. 1977లో ఇదే జబ్బుతో కుడి కాలు పోగొట్టుకున్న ఆ కుర్రవాడు, 1980లో కెనడాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలని బయలుదేరి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు చేరడంతో ఆగిపోయి, మరుసటి ఏడాది జూన్‌లో 22 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ పరుగుకు ముందు అతను చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్ ఆడాడనీ, ఏడాదికి పైగా సాధన చేశాకే రోడ్డెక్కాడనీ చెప్పేవాళ్లు తక్కువ. నీకు ఇప్పుడు కావలసింది ఆ ఏడాది కథ.

నువ్వు అడిగిన కార్బన్ బ్లేడు (పరుగు కోసం చేసే వంపు తిరిగిన కృత్రిమ పాదం) సంగతి, మామూలు కృత్రిమ కాలితో కర్ర లేకుండా నడిచి, వాలు దిగడం కుదిరాక చూద్దాం. తొడ వరకు కాలు పోయినవారికి నడకలోనే మునుపటికంటే చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. తర్వాత, మోకాలి పైన కాలు పోయినవారికి పారా పోటీల్లో ఉండే టీ63 విభాగంలో నీవంటివారితోనే పోటీపడవచ్చు. నేను పాత టైమింగులతో పోల్చుకుని కుమిలిపోయి ఏడాది పాటు ట్రాక్ వైపే వెళ్లలేదు, ఆ ఏడాది పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఏడుపు వస్తే ఏడువు, కానీ పాత టైమింగులు రాసుకున్న పుస్తకం తీసి లోపల పెట్టు. కొత్త నోటుపుస్తకంలో ఈ వారం ఎన్ని నిమిషాలు బోర్లా పడుకున్నావో, కాలు తొడిగి ఎన్ని అడుగులు వేశావో ఏ రోజుకారోజు రాసి, ఆ లెక్క వచ్చే ఉత్తరంలో నాకు పంపు.

ఇట్లు,
నీ బాబాయి